బెంగళూరు నర్సరీల్లో అప్రెంటిస్‌లు: స్టైపెండ్ లెక్క వేరు, పిల్లల లెక్క వేరు

మారతహళ్లి, బెల్లందూరు, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీల్లోని డేకేర్లు, ప్లేస్కూళ్లు కొత్తవారిని తీసుకునేటప్పుడు ఒకచోట ట్రైనీ అంటారు, ఇంకోచోట ఇంటర్న్, మరోచోట అప్రెంటిస్. హిందూపురం నుంచో మదనపల్లె నుంచో ఇంటర్ పూర్తిచేసి వచ్చిన అమ్మాయికి ఈ మూడూ ఒకటే అనిపిస్తాయి. నర్సరీ నడిపేవారిలోనూ చాలామందికి అంతే. చట్టం ముందు మాత్రం ఈ పేర్లను బట్టి జీతం, బీమా, బాధ్యత అన్నీ మారిపోతాయి. పిల్లల గదిలో అంతకన్నా పెద్ద తేడా ఒకటుంది: వచ్చిన కొత్త మనిషిని సిబ్బంది లెక్కలో కలిపేశారా, విడిగా ఉంచారా?

క్లుప్తంగా

అప్రెంటిస్ అంటే 1961 అప్రెంటిస్‌ల చట్టం కింద ఒప్పందం నమోదైన శిక్షణార్థి. ఒప్పందం లేకుండా పెట్టుకున్న ‘ట్రైనీ’కి ఆ చట్టం ఇచ్చే మినహాయింపులు వర్తించవు. స్టైపెండ్‌లో ప్రభుత్వ వాటా ఉంటుంది కాబట్టి పైకి చవకగా కనిపిస్తుంది, కానీ నర్సరీకి అసలు ఖర్చు నేర్పేవారి సమయం. శిక్షణ చెడిపోవడానికి ప్రధాన కారణం అప్రెంటిస్‌ను మొదటి వారం నుంచే పిల్లల నిష్పత్తిలో (ఇంతమంది పిల్లలకు ఒక పెద్దవారు అన్న లెక్కలో) కలిపేయడం. ఆ ఒక్క పొరపాటు నేర్చుకోవడాన్నీ, పిల్లల భద్రతనూ ఒకేసారి దెబ్బతీస్తుంది.

గిరాకీ ఎక్కడి నుంచి వచ్చింది

2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకు వేతనంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ (పసిపిల్లల సంరక్షణ కేంద్రం) సదుపాయం కల్పించాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డ దగ్గరికి వెళ్లివచ్చే వీలుండాలనీ నిబంధన పెట్టారు. టెక్ పార్కుల్లోని కంపెనీలకు సొంత క్రెష్ నడపడం కన్నా దగ్గర్లోని డేకేర్‌తో ఒప్పందం కుదుర్చుకోవడం తేలిక. 26 వారాలంటే ఆరు నెలలు. అంటే ఆరేడు నెలల పసివాళ్లు నేరుగా డేకేర్‌కు వస్తున్నారు. అన్ని గదుల్లోకీ ఎక్కువ చేతులు కావలసింది ఆ పసివాళ్ల గదికే.

బెంగళూరు తెలుగు కుటుంబాల్లో అమ్మమ్మ కొన్నాళ్లు, నానమ్మ కొన్నాళ్లు వచ్చి ఉండే ఏర్పాటు బిడ్డకు ఏడాది, ఏడాదిన్నర వచ్చేదాకా లాక్కొస్తుంది. ఆ తర్వాత వారికీ డేకేరే దిక్కు. మరోపక్క 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా గుర్తించింది. 2022లో ఆ దశకు ప్రత్యేక పాఠ్య ప్రణాళికా చట్రం వచ్చింది. ఆటల ద్వారా నేర్పాలని, పిల్లవాడిని గమనించి నమోదు చేయాలని అది కోరుతుంది. ఇందుకు పాటలు, రైమ్స్ వస్తే సరిపోదు, గమనించే కన్ను కావాలి.

ఆ మేరకు మనుషులు తయారవుతున్నారా? జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి గుర్తించే రెండేళ్ల డీపీఎస్‌ఈ (ప్రీస్కూల్ విద్య) డిప్లొమా ఉంది. వీధివీధినా ఎన్‌టీటీ (నర్సరీ టీచర్ శిక్షణ) పేరుతో ప్రైవేటు కోర్సులున్నాయి. వీటి నాణ్యత ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. మాంటిస్సోరి శిక్షణకు దక్షిణాదిలో లోతైన మూలాలే ఉన్నాయి. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి స్వయంగా శిక్షణ తరగతులు నడిపారు. అయితే ఈ కోర్సుల్లో ఎక్కువ భాగం మూడేళ్లు దాటిన పిల్లల కోసం. ఎనిమిది నెలల బిడ్డకు పాలసీసా పట్టడం, పద్నాలుగు నెలల పిల్లవాడు పక్కవాడిని కొరికితే ఏం చేయాలో తెలియడం పుస్తకంతో రావు. అప్రెంటిస్ పద్ధతి నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే.

ట్రైనీకి, అప్రెంటిస్‌కు చట్టంలో తేడా

అప్రెంటిస్‌షిప్ నిబంధనలకు 2019లో చేసిన సవరణ ప్రకారం 30 మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. నాలుగు నుంచి 29 మంది ఉన్నచోట ఐచ్ఛికం. కాంట్రాక్టు మీద పనిచేసేవారిని కూడా కలుపుకుని మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా తీసుకోవచ్చు. నగరంలోని నర్సరీలు చాలావరకు 30 లోపే కాబట్టి వాటికి ఇది ఇష్టపూర్వక నిర్ణయం. 20 మంది సిబ్బంది ఉన్న నర్సరీ గరిష్ఠంగా ముగ్గురిని తీసుకోగలదు.

ఒప్పందం కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు కావాలి. సంస్థ నమోదు, ఖాళీ ప్రకటన, అభ్యర్థి నమోదు, ఆఫర్, ఒప్పందం, ఇదీ వరస. నర్సరీ పని సాధారణంగా ఐచ్ఛిక ట్రేడ్ (ప్రభుత్వ జాబితాలో లేని, శిక్షణ పాఠ్యాన్ని సంస్థే నిర్ణయించుకునే పని) కిందికి వస్తుంది. దీని వ్యవధి 6 నుంచి 36 నెలలు. ఒప్పందం నమోదయ్యాక ఆమె చట్టరీత్యా శిక్షణార్థి అవుతుంది. కార్మికురాలి కింద లెక్క కాదు. పీఎఫ్, ఈఎస్‌ఐ కోతలు ఉండవు. శిక్షణలో గాయపడితే మాత్రం పరిహారం బాధ్యత సంస్థదే.

అనుమతి లేకుండా ఆమెతో ఓవర్‌టైమ్ చేయించకూడదు. తల్లిదండ్రులు ట్రాఫిక్‌లో చిక్కుకుని రాత్రి ఎనిమిదింటికి గానీ రాని డేకేర్లలో ముందుగా ఉల్లంఘనకు గురయ్యేది ఈ నిబంధనే. ఆలస్యంగా వచ్చే పిల్లల కోసం ఒక రెగ్యులర్ ఉద్యోగికి డ్యూటీ వేయాలి తప్ప, పక్కనే పీజీలో ఉంటుంది కదా అని అప్రెంటిస్‌ను ఆపేయకూడదు.

ఒప్పందం లేని ట్రైనీ పరిస్థితి వేరు. కనీస వేతనం, పది మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థలో ఈఎస్‌ఐ, ఇరవై మంది లేదా అంతకు మించి ఉంటే పీఎఫ్ ప్రశ్నలన్నీ వస్తాయి. ‘ఆరు నెలలు నేర్చుకో, తర్వాత జీతం చూద్దాం’ అనే నోటి మాటకు చట్టంలో చోటు లేదు. తనిఖీ జరిగితే నష్టపోయేది నర్సరీ. జరగకపోతే నష్టపోయేది ఆ అమ్మాయి.

లైంగిక వేధింపుల నిరోధానికి తెచ్చిన 2013 చట్టం ‘ఉద్యోగి’ నిర్వచనంలో అప్రెంటిస్‌ను, ట్రైనీని స్పష్టంగా చేర్చింది. పది మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రతి నర్సరీలో ఇలాంటి ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలి. కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు చేరిన మొదటి రోజే ఆమె చేతికివ్వడం కనీస పద్ధతి.

స్టైపెండ్ లెక్క

2019 నిబంధనల ప్రకారం నెలకు కనీస స్టైపెండ్ పదో తరగతి పాసైతే రూ.6,000, ఇంటర్ పాసైతే రూ.7,000, డిప్లొమాకు రూ.8,000, డిగ్రీకి రూ.9,000. రెండో ఏడాది 10 శాతం పెరుగుతుంది. 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి ఈ రేట్లను 36 శాతం పెంచాలని సిఫార్సు చేసింది. ఒప్పందం రాసేముందు పోర్టల్‌లోని తాజా రేటు చూసుకోవాలి.

నాప్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం) కింద కనీస స్టైపెండ్‌లో 25 శాతం, గరిష్ఠంగా నెలకు రూ.1,500, కేంద్రం నేరుగా అప్రెంటిస్ బ్యాంకు ఖాతాలో వేస్తుంది. రూ.7,000లో పావు వంతు రూ.1,750 అయినా పరిమితి వల్ల వచ్చేది రూ.1,500. నర్సరీ చెల్లించేది రూ.5,500. ఇక్కడ తరచూ తలెత్తే చిక్కు ఆధార్. ఖాతాకు ఆధార్ అనుసంధానం కాకపోతే ప్రభుత్వ వాటా పడదు. సొంతూరి బ్యాంకులో ఎప్పుడో తెరిచిన ఖాతాలతో ఇది ఎక్కువ. సంస్థ తన వాటా చెల్లించిన వివరాన్ని నెలనెలా పోర్టల్‌లో ఎక్కించాలి. అది మరిచిపోతే ఆమెకు రూ.1,500 ఆగిపోతాయి. నెలకు ఏడు వేలతో పీజీ అద్దె కట్టుకునే మనిషికి అది చిన్న మొత్తం కాదు.

డిగ్రీ పూర్తయినవారికి కేంద్ర విద్యాశాఖ నడిపే నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) అనే మరో దారి ఉంది. అందులో కనీస స్టైపెండ్‌లో సగం ప్రభుత్వానిది. దక్షిణాది రాష్ట్రాలకు దీన్ని చెన్నై తరమణిలోని అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు చూస్తుంది. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం లాంటి చోట్ల హోంసైన్స్ చదివి వచ్చినవారికి ఈ దారి నప్పుతుంది. డిగ్రీతో వచ్చిన అమ్మాయిని ఇంటర్ రేటుకు నాప్స్‌లో చేర్చడం ఆమెకు అన్యాయం. నిజానికి అది నర్సరీకి లాభం కూడా కాదు: నాట్స్‌లో సంస్థ వాటా రూ.4,500 మాత్రమే.

ఇక ఎవరూ లెక్కలో వేయని ఖర్చు. నెలకు రూ.25,000 జీతం ఉన్న సీనియర్ టీచరు 26 రోజులు, రోజుకు 8 గంటలు పనిచేస్తారనుకుంటే గంటకు సుమారు రూ.120. ఆమె వారానికి 6 గంటలు అప్రెంటిస్‌కే కేటాయిస్తే నెలకు 26 గంటలు, అంటే రూ.3,120. స్టైపెండ్ వాటా రూ.5,500తో కలిపితే రూ.8,620. ప్రథమ చికిత్స శిక్షణ, పోలీసు ధ్రువీకరణ, యూనిఫాం దీనికి అదనం. మొదటి మూడు నెలలు అప్రెంటిస్ వల్ల గదిలో పని తగ్గదు, కాస్త పెరుగుతుంది కూడా. ఈ మొత్తం భరించలేని నర్సరీ ఆ ఏడాదికి అప్రెంటిస్‌ను తీసుకోకుండా ఉండటమే మేలు.

పిల్లల లెక్క

ఉద్యోగుల క్రెష్‌ల కోసం కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు మూడేళ్లలోపు పిల్లలు పదిమందికి ఒక వర్కరు, మూడు నుంచి ఆరేళ్లవారు ఇరవైమందికి ఒక వర్కరు ఉండాలంటాయి. ప్రైవేటు ప్లేస్కూళ్లకు జాతీయ బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాల్లో ఇరవై మంది పిల్లలకు ఒక టీచరు, ఒక సంరక్షకురాలు అని ఉంది. ఈ సంఖ్యల్లో అప్రెంటిస్‌ను కలుపుకోవచ్చా అన్న ప్రశ్న దగ్గరే గందరగోళం మొదలవుతుంది.

ఒకటి నుంచి రెండేళ్ల పిల్లలు పదిమంది ఉన్న గదిని తీసుకుందాం. పెద్దవాళ్లు ఇద్దరు: ఒక టీచరు, ఒక ఆయా. తొమ్మిది గంటల రోజులో ఒక్కో బిడ్డకు సగటున మూడుసార్లు డైపర్ మార్చాలనుకుంటే 30 మార్పిడులు. ఒక్కోదానికి చేతులు కడుక్కోవడం, మ్యాట్ తుడవడంతో కలిపి 5 నిమిషాలు. మొత్తం 150 నిమిషాలు. అంటే రోజులో రెండున్నర గంటలు ఒక మనిషి డైపర్ బల్ల దగ్గరే ఉంటుంది, మిగిలిన తొమ్మిదిమందినీ ఇంకొకరే చూస్తారు. ఇప్పుడు ఆ ఆయా స్థానంలో కొత్తగా చేరిన అప్రెంటిస్‌ను నిలబెడితే రెండే దారులు మిగులుతాయి: నేర్పేవారు లేకుండా ఆమె ఒంటరిగా డైపర్ మార్చాలి, లేదా తొమ్మిదిమంది పిల్లలను ఒంటరిగా చూడాలి. మొదటి వారాల్లో రెండూ ప్రమాదమే. టీచరు పక్కన నిలబడి చూపించే సమయం ఆ గదిలో ఎక్కడా ఉండదు. రోజంతా పని జరుగుతుంది, నేర్పడం మాత్రం జరగదు.

ఇంగ్లండ్‌తో పోలిక ఇక్కడ ఉపయోగపడుతుంది. అక్కడ రెండేళ్లలోపు ముగ్గురు పిల్లలకు ఒకరు, రెండేళ్లవారు ఐదుగురికి ఒకరు ఉండాలి. ఈ రెండో సంఖ్యను 2023 సెప్టెంబరులోనే నాలుగు నుంచి ఐదుకు సడలించారు. పదహారేళ్లు నిండిన అప్రెంటిస్‌ను నిష్పత్తిలో కలుపుకోవడానికి అక్కడ అనుమతి ఉంది. కానీ ఆమె సమర్థురాలని, బాధ్యత గలదని సంస్థ నిర్ధారించుకోవాలి, పిల్లల ప్రథమ చికిత్స ధ్రువపత్రం ఉండాలి. పైగా పని వేళల్లోనే, గది బయట నేర్చుకునే సమయం ఇవ్వడం ఆ అప్రెంటిస్‌షిప్‌లో తప్పనిసరి భాగం. ముగ్గురికి ఒకరున్న గదిలో అప్రెంటిస్‌ను కలుపుకోవడానికే ఇన్ని షరతులు. పదిమందికి ఒకరున్న మన గదుల్లో కనీసం మొదటి ఆరు నెలలు ఆమెను అదనపు మనిషిగానే ఉంచాలి. ఆ తర్వాత కూడా పసివాళ్ల గదిలో కలుపుకోకపోవడమే సబబు.

తీసుకునేముందు

చట్టం 14 ఏళ్లు నిండినవారిని అప్రెంటిస్‌గా అనుమతిస్తుంది. నర్సరీకి 18 నిండినవారే తగినవారు. 18 లోపు అమ్మాయి పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల నిరోధక) చట్టం ప్రకారం తానూ బాలికే. ఇతర పిల్లల రక్షణ బాధ్యతను ఆమె భుజాన వేయడం సరికాదు.

2020 పోక్సో నిబంధనలు క్రెష్‌లను పేరుపెట్టి మరీ ప్రస్తావించాయి. పిల్లలతో మెలిగే ప్రతి సిబ్బందికి, కాంట్రాక్టు మీద ఉన్నవారికి సహా, నిర్ణీత కాలవ్యవధిలో పోలీసు ధ్రువీకరణ జరగాలి. కర్ణాటకలో సేవా సింధు పోర్టల్ ద్వారా దరఖాస్తు చేయవచ్చు. ఆంధ్ర నుంచి వచ్చినవారి విషయంలో బెంగళూరు పీజీ చిరునామాతో పాటు సొంతూరి చిరునామాకూ ధ్రువీకరణ తీసుకోవాలి. నగరానికి వచ్చి నెలరోజులైన మనిషి గురించి ఇక్కడి స్టేషన్‌లో తెలిసేది ఏముంటుంది?

పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానం ఉన్నా పోలీసులకు తెలియజేయాల్సిన బాధ్యత ప్రతి ఒక్కరిదీ. తెలియజేయకపోతే ఆరు నెలల దాకా జైలు. సంస్థ బాధ్యుల విషయంలో అది ఏడాది దాకా ఉంటుంది. ‘మేడమ్‌కు చెప్పాను’ అంటే అప్రెంటిస్ బాధ్యత తీరినట్లు కాదు. 1098 (పిల్లల హెల్ప్‌లైన్), 112 (అత్యవసర సాయం) నంబర్లు ఆమెకు నోటికి వచ్చి ఉండాలి, ఫోన్ చేస్తే ఉద్యోగానికి ముప్పు రాదన్న హామీ రాతపూర్వకంగా ఉండాలి.

చేర్చుకునే నెల కూడా ముఖ్యమే. జూన్‌లో కొత్త అడ్మిషన్లతో గదులన్నీ ఏడుపులతో నిండి ఉంటాయి, సీనియర్ల చంకలో ఎప్పుడూ ఒక బిడ్డ ఉంటుంది. చేతులు చాలడం లేదని నర్సరీలు సరిగ్గా అప్పుడే అప్రెంటిస్‌లను తీసుకుంటాయి. నేర్పే తీరిక ఉండేది పిల్లలు సర్దుకున్నాక, ఆగస్టులో.

నేర్పే వరస

మొదటి రెండు వారాలు చూడటమే పని. ఒంటరిగా ఏ బిడ్డతోనూ ఉండకూడదు. మూడో వారం నుంచి మెంటర్ (నేర్పే సీనియర్) పక్కన ఉండగా ఒక్కో పని చేయాలి. ఒక్కో పనినీ మెంటర్ కళ్లెదుట కనీసం మూడుసార్లు తప్పులేకుండా చేశాకే ఆమె శిక్షణ పుస్తకంలో మెంటర్ సంతకం. ఆ సంతకం లేని పనిని ఎంత రద్దీ ఉన్నా అప్పగించకూడదు.

డైపర్ మార్చడం తేలికైన పనిలా కనిపిస్తుంది. అయినా ఎక్కువ తప్పులు జరిగేది దీంట్లోనే. బిడ్డను తెచ్చేముందే కొత్త డైపర్, తడి దూది, చేతి తొడుగులు, మూత ఉన్న సంచి, మార్చే బట్టలు బల్ల మీద చేతికందేలా పెట్టుకోవాలి. బిడ్డ బల్లమీద ఉన్నంతసేపూ ఒక చెయ్యి బిడ్డ మీద ఉండాల్సిందే. ఆరేడు నెలల బిడ్డ బోర్లా పడటానికి ఒక్క క్షణం చాలు. ఆడబిడ్డను ముందు నుంచి వెనక్కి తుడవాలి, లేకపోతే మలంలోని క్రిములు మూత్రనాళంలోకి చేరతాయి. తొడుగులు తీసేశాకే కొత్త డైపర్ ముట్టుకోవాలి. కొత్తవారు మరిచిపోయేది ఈ మెట్టే. తర్వాత బిడ్డ చేతులు కూడా కడగాలి. చివరగా మ్యాట్‌ను ముందు సబ్బునీటితో తుడిచి ఆపైన బ్లీచ్ ద్రావణం పూయాలి. మురికి మీద నేరుగా బ్లీచ్ వేస్తే దాని శక్తి మురికితోనే ఖర్చయిపోతుంది. 5 శాతం బ్లీచ్ 20 మిల్లీలీటర్లకు నీళ్లు కలిపి లీటరు చేస్తే 0.1 శాతం ద్రావణం వస్తుంది. ఏ రోజుకారోజు కలుపుకోవాలి, తాళం వేసిన అలమరలో ఉంచాలి. డైపర్ బల్ల తలుపు మూసిన గదిలో ఉండకూడదు. నడుము ఎత్తు గోడ చాటున పెడితే బిడ్డ మర్యాద దక్కుతుంది, పక్కవారి కన్నూ ఉంటుంది.

పాల విషయంలో సమయమే కీలకం. తల్లి పిండి ఇచ్చిన పాలు 25 డిగ్రీల లోపు గది ఉష్ణోగ్రతలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు నిలవుంటాయి. వెచ్చబెట్టాక 2 గంటల్లో వాడేయాలి. మైక్రోవేవ్‌లో పెడితే పాలు ఒకచోట గోరువెచ్చగా, ఒకచోట నోరు కాలేంతగా వేడెక్కుతాయి. సీసాను వేడినీళ్ల గిన్నెలో పెట్టి వెచ్చబెట్టాలి. సీసా మీద బిడ్డ పేరు, తేదీ, పిండిన సమయం లేకపోతే ఆ పాలు పట్టకూడదు. ఒకే పేరు గల ఇద్దరు పిల్లలున్న గదిలో ఇంటిపేరు కూడా రాయాలి.

నిద్ర దగ్గర ఇంటి అలవాటుకు, నర్సరీ నియమానికి ఘర్షణ వస్తుంది. తమ్ముళ్లను, చెల్లెళ్లను చీర ఉయ్యాలలో ఊపి పెంచిన అమ్మాయికి చదునైన మంచం నిర్దయగా అనిపించవచ్చు. ‘ఇక్కడ రూల్ ఇంతే’ అని వదిలేస్తే ఎవరూ లేనప్పుడు తన పద్ధతిలోనే చేస్తుంది. కారణం చెప్పాలి: గుడ్డ మడతలో బిడ్డ గడ్డం రొమ్ముకు ఆనితే గాలి దారి ఇరుకవుతుంది, ఊపేవారికి ముఖం కనపడదు. ఏడాదిలోపు బిడ్డను గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. దిండు, దుప్పటి, బొమ్మ ఉండకూడదు. పది నిమిషాలకోసారి దగ్గరికెళ్లి ఊపిరి, ఒంటి రంగు చూసి సమయం రాయాలి. దూరం నుంచి చూసి వరసగా అన్ని గళ్లలో టిక్ పెట్టేస్తే ఆ కాగితం ఉన్నా లేనట్లే.

తినిపించేటప్పుడు పుట్నాలు, వేరుశనగలు, చెగోడీలు, పచ్చి క్యారెట్ ముక్కలు చిన్నపిల్లల గదిలోకి రానివ్వకూడదు. ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాలుక మీద రాయడం కూడా ప్రమాదమే, బొటులిజం అనే తీవ్రమైన జబ్బు రావచ్చు. గొంతులో ఏదైనా ఇరుక్కుని ఏడవలేని, దగ్గలేని స్థితిలో ఉన్న ఏడాదిలోపు బిడ్డను ముంజేతి మీద తల కిందికుండేలా బోర్లా పట్టుకుని రెండు భుజాల మధ్య వీపు మీద 5 దెబ్బలు, తగ్గకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో 5 నొక్కులు ఇవ్వాలి. ఏడాది దాటినవారికి వీపు మీద 5, బొడ్డుకు పైన పొట్ట మీద 5. వస్తువు బయటపడేదాకా ఈ వరస ఆపకూడదు (బిడ్డ స్పృహ తప్పితే మాత్రం వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాలి), ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. కంటికి కనపడని వస్తువు కోసం నోట్లో వేలుపెట్టి వెతికితే అది ఇంకా లోపలికి పోతుంది. దీన్ని బొమ్మ మీద చేసి చూపించే శిక్షణ మొదటి నెలలోనే అయిపోవాలి.

నాలుగో నెల నుంచి గమనించి రాయడం మొదలుపెట్టవచ్చు. అప్రెంటిస్‌లు తొలుత రాసే నోట్లు ఇలా ఉంటాయి: ‘ఈరోజు బాబు బాగా అల్లరి చేశాడు, పక్కపాపను కొరికాడు.’ దీంతో ఎవరికీ ఉపయోగం లేదు. ‘10.40కి బ్లాకుల దగ్గర ముగ్గురు పిల్లలు. పాప ఎర్ర బ్లాకు లాక్కుంది. బాబు రెండుసార్లు ‘నాది’ అన్నాడు, నా వైపు చూశాడు, తర్వాత పాప ముంజేతి మీద కొరికాడు’ అని రాస్తే మెంటర్‌కు విషయం తెలుస్తుంది: పిల్లవాడు ముందు మాటతో ప్రయత్నించాడు, పెద్దల సాయం అడిగాడు, అది అందలేదు. ఒకటి నుంచి మూడేళ్ల మధ్య కొరకడం మామూలే. మారాల్సింది ఆ గదిలో పెద్దవాళ్లు నిలబడే చోటు, ఒకే రకం బ్లాకుల సంఖ్య. శిక్షణ సెంటర్లో చెప్పే ఏ పాఠం కన్నా ఇలాంటి ఒక్క నోటు మీద జరిగే పావుగంట చర్చ ఎక్కువ నేర్పుతుంది.

ఎక్కడ తెగిపోతుంది

మెంటర్ సమయాన్ని పిల్లల నిద్రవేళలో పెట్టుకోవడం సర్వసాధారణం. కాగితం మీద బాగుంటుంది. కానీ సిబ్బంది భోజనానికి వెళ్లేది, నిద్ర కాపలా కాయాల్సింది ఆ గంటన్నరలోనే. పదింట ఎనిమిది వారాలు ఆ సమావేశం జరగదు అనుకోవాలి. వారంలో రెండు రోజులు ఒక అదనపు టీచరును గదిలో నిలబెట్టి మెంటర్‌ను, అప్రెంటిస్‌ను బయటికి పంపడమే పనిచేసే పద్ధతి.

ఇంకో చోటు: మెంటర్ ఉద్యోగం మానేయడం. ఈ రంగంలో మార్పిడులు ఎక్కువ. మెంటర్ వెళ్లిపోతే అప్రెంటిస్ పుస్తకం కూడా ఆగిపోతుంది. ఒప్పందం నాడే రెండో మెంటర్ పేరు రాసిపెట్టుకోవాలి. అలాగే పోనుపోను ఆమెను రిసెప్షన్‌కు, తల్లిదండ్రుల గ్రూపులో ఫొటోలు పెట్టే పనికి మళ్లించడం. ఫొటోల కోసం అప్రెంటిస్ సొంత ఫోన్ వాడనివ్వడం పిల్లల భద్రత దృష్ట్యా అసలు కుదరని పని. గదికి ఒక సంస్థ ఫోన్ ఉండాలి.

భాష విషయంలో మాత్రం ఈ అప్రెంటిస్‌లు నర్సరీకి బలం. బాగేపల్లి, ముళబాగిలు, పావగడ వైపు నుంచి వచ్చినవారికి తెలుగు, కన్నడ రెండూ ఇంటి భాషలే. చేరిన మొదటి వారం ఏడ్చే బిడ్డకు ‘బువ్వ’, ‘నీళ్లు’, ‘బజ్జో’ అన్న మాటలు వినిపిస్తే సర్దుకోవడం తేలికవుతుంది. అడ్మిషన్ రోజు బిడ్డ ఇంట్లో వాడే ఇలాంటి పది మాటలు తల్లిదండ్రులను అడిగి కార్డు మీద రాసి పెట్టడం అప్రెంటిస్‌కు మొదటి నెలలోనే అప్పగించదగ్గ మంచి పని. ఇంగ్లిష్ రాదని ఆమెను వెనక్కి నెట్టే నర్సరీలు తమ దగ్గరున్న ఈ సొత్తును గుర్తించడం లేదు.

ఏడాది తర్వాత

శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇవ్వాలన్న నిర్బంధం చట్టంలో లేదు, ఒప్పందంలో ఆ షరతు రాసుకుంటే తప్ప. అయితే 2014 సవరణ ప్రకారం తన దగ్గర శిక్షణ పొందినవారిని తీసుకోవడంపై ప్రతి సంస్థ ఒక విధానం రూపొందించుకోవాలి. దాన్ని ముందే చూపించమని అడిగే హక్కు అభ్యర్థికి ఉండాలి. ఐచ్ఛిక ట్రేడ్‌లో తుది పరీక్షకు సెక్టార్ స్కిల్ కౌన్సిల్‌తో (ఆ రంగంలో నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే సంస్థతో) రెండు మూడు నెలల ముందే మాట్లాడుకోకపోతే ఏడాది పని చేతిలో కాగితం లేకుండా ముగుస్తుంది. స్టైపెండ్ రేట్లు పెరిగితే చవక కోసం వచ్చే నర్సరీలు వెనక్కి తగ్గుతాయి, నేర్పే ఉద్దేశం ఉన్నవి మిగులుతాయి. సంఖ్య తగ్గినా పిల్లలకు అదే మంచిది.

బిడ్డను చేర్పించడానికి వెళ్లే తల్లిదండ్రులు అడగదగ్గ ప్రశ్నలు కొన్నే. ఈ గదిలో అప్రెంటిస్‌లను, ట్రైనీలను పక్కన పెడితే ఎంతమంది ఉంటారు? కొత్తవారికి ఏ పని ఎప్పుడు అప్పగించారో చూపే సంతకాల పుస్తకం ఉందా? నిన్నటి నిద్ర నమోదు కాగితం చూపిస్తారా? ఆ కాగితంలో సమయాలు 1.00, 1.10, 1.20 అని ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో ఒక్క ఊపులో రాసినట్లుంటే ఇంకో నర్సరీ చూసుకోవచ్చు. 1.02, 1.13, 1.21 అని, మధ్యలో ‘పక్కకు తిరిగాడు, వెల్లకిలా తిప్పాను’ అని ఉంటే ఆ గదిలో ఎవరో నిజంగా చూస్తున్నారన్నమాట.